కురుపంది కథ, హైదరాబాద్ జూ నుంచి అమ్రాబాద్ దాకా

మూషిక జింక అంటాం గానీ అది మూషికమూ కాదు, అసలైన జింకా కాదు. కొమ్ములుండవు, మగవాటికి పైదవడ నుంచి చిన్న కోరలు దిగుతాయి, బరువు మూడు కిలోల చిల్లర. పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో దీని తెలుగు పేరు కురుపంది అని రాశారు, అంటే మనవాళ్ళ కంటికి పందిలా కనిపించిందన్నమాట, నవ్వొస్తుంది గానీ పొద్దుగూకాక మాత్రమే తిరిగి పగలంతా చెట్టు తొర్రల్లో, రాళ్ళ సందుల్లో నక్కే జంతువుని ఎవరు సరిగ్గా చూశారు గనక!

2005 దాకా మన దగ్గరిదీ శ్రీలంకదీ ఒకే జాతి కింద లెక్క, ఆ ఏడాదే వేరు చేశారు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉంది, అంటే పులికిచ్చిన రక్షణే దీనికీ, కానీ పులి మీద జరిగిన రీసెర్చ్‌లో వందో వంతు కూడా దీని మీద జరగలేదని నా అనుమానం. పైగా ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ రెడ్ లిస్ట్‌లో పెద్దగా ముప్పు లేని జాతి అని ఉంది, ఇక పట్టించుకునేదెవరు?

మన జూలకి కూడా సంరక్షణే మెయిన్ పని అని కాగితం మీదకొచ్చింది 1998 నేషనల్ జూ పాలసీతో. అదే ఏడాది సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ కింద, అంతరించిపోతున్న జంతువుల సంరక్షణకి లాకోన్స్ అనే ల్యాబ్ మొదలైంది, మన హైదరాబాద్ అత్తాపూర్‌లోనే. 2010లో సెంట్రల్ జూ అథారిటీ సపోర్ట్‌తో నెహ్రూ జూలో ఆరంటే ఆరు మూషిక జింకలతో బ్రీడింగ్ మొదలుపెట్టారు, అప్పటికి అది ఎప్పుడు ఎదకొస్తుందో, ఎన్నాళ్ళు మోస్తుందో పక్కాగా తెలిస్తే ఒట్టు.

రక్తం తీద్దామంటే బెదిరిపోయే జీవి, అందుకని రోజూ పెంటికలు ఏరి వాటిలో హార్మోన్లు కొలిచారు, నాకైతే ఈ కథలో బాగా నచ్చింది ఇదే. ఐదు నెలల పైన మోస్తుందనీ, ఈనిన కొన్ని గంటల్లోనే మళ్ళీ ఎదకొచ్చి చూడి కట్టేస్తుందనీ అలా లెక్క తేలింది. ఆ కొన్ని గంటల్లో మగదాన్ని పక్కన లేకుండా చేస్తే ఛాన్స్ పోయినట్టే కదా. తర్వాత కొన్నేళ్ళకే సంఖ్య రెండొందలు దాటింది.

2017లో ఎనిమిదింటిని నల్లమలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌కి తీసుకెళ్ళారు, జూలో పుట్టినవి కాబట్టి ఒకేసారి వదలకుండా ముందు కంచె లోపల అడవికి అలవాటు చేసి. వదిలింది చిరుతలూ రేసుకుక్కలూ తిరిగే చోట, వాటికి ఇది ఒక్క పూట తిండి కూడా కాదు, అయినా అడవిలో దీని డ్యూటీల్లో వాటికి తిండి కావడమూ ఒకటి.