ఫాదర్ వస్తే ప్రాణం పోతుందా? స్వస్థత, క్షమాపణల మీద అపోహలు - వాస్తవాలు

ప్రకాశం జిల్లాలో ఒక కతోలిక విచారణకు (ఒక గుడి పరిధికి) గురువుగా ఉన్నాను. మా నెల్లూరు మేత్రాసనం (బిషప్పు గారి పరిధి) ఏర్పడింది 1928లో. తరాలుగా పూజకు వస్తున్న ఇళ్ళలో కూడా కొన్ని భయాలు ఇంకా పోలేదు. వాటివల్ల నష్టపోయేది జబ్బుతోనో సిగ్గుతోనో ఇంట్లో ఉండిపోయినవాళ్ళే. పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడంలో) విన్నది ఉదాహరణగా చెప్పడానికి లేదు కాబట్టి గుడి వరండాలో, టీ కొట్టు దగ్గర వినే మాటలే రాస్తున్నాను.

అపోహ: అభ్యంగనం (జబ్బుపడినవాళ్ళకు గురువు తైలం రాసి ఇచ్చే సంస్కారం) ఇచ్చారంటే ఇక మనిషి దక్కడు.

అన్నిటికన్నా మొండిది ఇదే. పెద్దాయనకు ఆయాసం ముదురుతున్నా కబురు చేయరు. ఊపిరి ఎగబోస్తుంటే అర్ధరాత్రి ఫోన్: "ఫాదరూ, ఒక్కసారి రాండి." వెళ్ళేసరికి ఆయనకు తెలివి ఉండదు. సంకీర్తనం చేసుకోలేడు, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) మింగలేడు.

వాస్తవం: ఈ సంస్కారం చావు అంచున ఉన్నవాళ్ళకు మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. 1972లో ఆరవ పౌలు పోపు గారు దాని క్రమాన్నే మార్చారు. పెద్ద జబ్బుకు ఆపరేషన్ ఉంటే ముందే తీసుకోవచ్చు. వయసు మీదపడి నీరసించినవాళ్ళు తీసుకోవచ్చు. కోలుకుని మళ్ళీ జబ్బు పడితే మళ్ళీ తీసుకోవచ్చు. జరిగేది ఇంతే: గురువు తలమీద చేతులుంచి మౌనంగా ప్రార్థిస్తాడు. మేత్రాణులు (బిషప్పు గారు) ఏటా ఆశీర్వదించే తైలం చిన్న డబ్బీలో, దూదిలో ఇంకి ఉంటుంది. బొటనవేలితో నుదుటి మీద, ఆపైన రెండు అరచేతుల్లో రాస్తాడు. పొలం పనికి కాయలు కాచిన అరచేయి అయితే నూనె ఒక పట్టాన ఇంకదు. ఆ కాసేపూ ఆ చేయి పట్టుకుని ఉండటం నాకు ఇష్టం. నెల్లూరు ఆస్పత్రికి బయల్దేరే రోజున గుడి దగ్గర ఆటో ఆపండి, చాలు.

అపోహ: దేవుడికి నేరుగా చెప్పుకోవచ్చు, మధ్యలో ఫాదర్ దేనికి?

ఒంగోలు చుట్టుపక్కల ఈ ప్రశ్న పెళ్ళి భోజనాల దగ్గర కూడా వస్తుంది. బాప్టిస్టు చుట్టాలు లేని కతోలిక కుటుంబం ఇక్కడ తక్కువ. నేరుగా చెప్పుకోండి, రోజూ చెప్పుకోండి. అయితే పాపాలు క్షమించే అధికారం ఉత్థాన క్రీస్తు శిష్యులకు ఇచ్చినట్టు యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఉంది. క్షమాపణ దొరికిందన్న మాట చెవిన పడకపోతే ఏళ్ళ తరబడి నలిగిపోయే మనుషులున్నారు.

"రేపు ప్రసంగంలో మమ్మల్నే అంటాడు" అనే అనుమానం దీని వెనకాలే వస్తుంది. సంకీర్తన రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన గురువుకు ఆ క్షణమే వెలి పడుతుంది. కోర్టు అడిగినా చెప్పం. అయినా మొహమాటంగా ఉంటే పక్క విచారణకు వెళ్ళండి, నేనేం అనుకోను. "మళ్ళీ తాగుతానేమో, చెప్పి ఏం లాభం?" అనేవాళ్ళకు: ఈరోజు మానాలన్న మనసు నిజమైనదై ఉండాలి, రేపటికి హామీపత్రం ఎవరూ అడగరు.

అపోహ: గాలి సోకింది, ప్రార్థన చేయిస్తే మందులు అక్కర్లేదు.

వైద్యుణ్ణి గౌరవించమని, ఆయన్ని పుట్టించినవాడు దేవుడేనని మన బైబిలులో సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చెబుతోంది. భూతోచ్చాటన మేత్రాణుల ప్రత్యేక అనుమతి లేకుండా ఏ గురువూ చేయడానికి లేదు. ఫిట్స్ మాత్రలు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఆపమని చెప్పినవాడు ఎంత పేరున్నవాడైనా ఆ గడప తొక్కకండి. ముందు ఒంగోలు రిమ్స్‌లో చూపించండి, ప్రార్థన నేను చేస్తాను.

అపోహ: ఆత్మహత్య చేసుకున్నవాళ్ళకు గుడిలో చోటు లేదు, మోక్షమూ లేదు.

1917 నాటి కతోలిక శ్రీసభ (చర్చి) ధర్మశాస్త్రంలో తెలిసి చేసుకున్నవాళ్ళకు శ్రీసభ సమాధి నిరాకరించేవారు. ముసలివాళ్ళకు గుర్తున్నది అదే. 1983 ధర్మశాస్త్రంలో ఆ నిషేధం లేదు. తీవ్రమైన మనోవేదన, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయనీ, వాళ్ళ రక్షణ గురించి నిరాశపడొద్దనీ, వాళ్ళకోసం ప్రార్థిస్తామనీ 1992లో వచ్చిన సత్యోపదేశం (శ్రీసభ బోధనల గ్రంథం) చెబుతోంది. పొగాకు ధర పడిపోయి అప్పులపాలైన ఇళ్ళున్న చోట ఈ సంగతి గట్టిగా చెప్పాలి. చావు ఇంట్లో పెళ్ళాం పిల్లల ముందు "నరకానికి పోయాడు" అనే బంధువును నేనైతే పక్కకు పిలిచి ఆపుతాను. అలాంటి ఆలోచనలు వస్తున్నవాళ్ళు నాకు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. టెలి మానస్ నంబరు 14416 కూడా ఉచితమే, తెలుగులోనే మాట్లాడతారు.

డబ్బుల సంగతి: కానుక ఇవ్వలేని పేదలకు సంస్కారాలు ఆపకూడదు, అది శ్రీసభ చట్టమే.

చివరిగా, భర్త వదిలేసి వెళ్ళిపోయిన ఆడవాళ్ళు పూజలో ఆఖరి వరసలో కూర్చుని సత్ప్రసాదానికి లేవరు. మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఉన్నావిడకు, కోర్టు విడాకులు ఇచ్చినా సరే, ఆ కారణంగా అడ్డేమీ లేదమ్మా. వరసలో ఎవరైనా గొణిగితే పూజ అయ్యాక నాతో చెప్పండి.