నూరు శాతం అంటే నూటికి నూరు మార్కులు కాదు

శస్త్రచికిత్స అయిన రోగులకు ఇంటికి వెళ్లేటప్పుడు చేతికిచ్చే సూచనల కాగితం అది. పోయిన నెల నా దగ్గర క్యాట్ సాఫ్ట్‌వేర్ (అనువాదకులకు పనిలో సాయపడే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్న ఒక అమ్మాయి దాన్ని తెలుగు చేసి, పంపే ముందు ఒకసారి చూడమని తెచ్చింది. ‘ఈ కింది వాటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టరును కలవండి’ అన్న వాక్యం కింద నాలుగు అంశాలున్నాయి. నొప్పి పెరగడం, వాపు, జ్వరం. నాలుగోది: ఆసుపత్రి నుంచి ఇంటికి పంపడం.

ఆంగ్లంలో అక్కడున్నది ‘డిశ్చార్జ్’ అనే ఒక్క మాట. కోసిన చోట రసి కారితే ఆలస్యం చేయకుండా రమ్మని చెప్పడం ఆ కాగితం ఉద్దేశం. పని ఇచ్చిన అనువాద ఏజెన్సీ పంపిన మెమరీలో, అంటే పాత ఆంగ్ల వాక్యాలనూ వాటి తెలుగునూ జంటలుగా దాచిన నిల్వలో, అదే మాట, ఏదో పాత బిల్లుల పత్రంలో వాడిన అర్థంతో, సిద్ధంగా ఉంది.

“ఇది ఎందుకు చూడలేదమ్మా?” అని అడిగాను.

“నూరు శాతం వచ్చింది కదా మేడం, అందుకే ముట్టుకోలేదు” అంది.

ఆ అమ్మాయి అజాగ్రత్త మనిషి కాదు. మిగిలిన ఫైలంతా ఎంతో శ్రద్ధగా చేసింది. చిన్నప్పటి నుంచి శాతం అంటే మార్కులే అని నేర్చుకుని వచ్చిన పిల్లలకు, గడి పక్కన ‘100’ కనిపిస్తే అక్కడ దిద్దడానికి ఏమీ లేదనే అనిపిస్తుంది. తిరుపతిలో నా దగ్గరికి వచ్చే ప్రతి బృందంలోనూ ఇదే తప్పు చూస్తున్నాను. ఈ రంగంలో అపోహలు చాలా ఉన్నాయి. చేతికొచ్చిన పనిని, మంచి పేరును, ఒక్కోసారి చదివేవారి ఆరోగ్యాన్ని కూడా దెబ్బతీసేది మాత్రం ఇదే. అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

అపోహ: నూరు శాతం మ్యాచ్ వస్తే ఆ అనువాదం సరైనదే.

వాస్తవం: ఆ శాతానికీ అనువాదం నాణ్యతకూ సంబంధం లేదు. మీ ముందున్న ఆంగ్ల వాక్యాన్ని మెమరీలోని పాత ఆంగ్ల వాక్యంతో పోల్చి, రెండూ అక్షరాలా ఎంతవరకు కలిశాయో చెప్పే లెక్క అది. తెలుగు వైపు సాఫ్ట్‌వేర్ కన్నెత్తి కూడా చూడదు. ఇది మాటలతో చెబితే ఎవరికీ ఎక్కదని తరగతిలో చేసి చూపిస్తాను. ఒక ఆంగ్ల వాక్యం ఎదురుగా తెలుగు గడిలో ‘తిరుచానూరు’ అని టైపు చేసి, ఆ సెగ్మెంటును (సాఫ్ట్‌వేర్ ఒక్కో గడిలో చూపే వాక్యం లేదా మాట) నిర్ధారిస్తాను, అంటే సరే అని మెమరీలోకి పంపిస్తాను. తర్వాత అదే ఆంగ్ల వాక్యం ఉన్న మరో ఫైలు తెరుస్తాను. నూరు శాతం మ్యాచ్ అంటూ ‘తిరుచానూరు’ వచ్చేస్తుంది. మీరూ మీ కంప్యూటర్‌లో చేసి చూడండి. చేశాక ఆ వాక్యాన్ని మెమరీలోంచి తొలగించడం మరవకండి.

తెలుగు అనువాదకులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఆంగ్లం ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట మన భాష రెండు మూడు మాటలు అడుగుతుంది. ‘రైస్’ పొలంలో వరి, కళ్లంలో వడ్లు, బస్తాలో బియ్యం, విస్తరిలో అన్నం. ‘వి’ అంటే మేమా, మనమా? వినియోగదారుకు రాసిన ఉత్తరంలో ‘మేము’ కావాలి, సొంత ఉద్యోగులకు రాసిన దానిలో ‘మనం’ కావాలి. ‘యు’ అన్నది ఎనిమిదేళ్ల పిల్లవాడినా, వాడి తాతనా అన్నది మెమరీకి తెలియదు. ఆంగ్ల వాక్యం అదే కాబట్టి పాత తెలుగు వాక్యమే ముందుకు వస్తుంది.

నాకు ఈ పాఠం తరగతిలో దొరకలేదు. కొన్నేళ్ల క్రితం శ్రీసిటీలోని ఒక కర్మాగారానికి యంత్రాల భద్రతా సూచనలు తెలుగు చేశాను. చుట్టుపక్కల సత్యవేడు, వరదయ్యపాళెం ఊళ్ల నుంచి వచ్చే కార్మికులు చదవాల్సిన కాగితాలవి. మొదటి పత్రంలో ‘ఓపెన్’ అనే మాట ఒక మీట మీద ఉండేది, ‘తెరవండి’ అని రాశాను. అక్కడ అది సరైనదే. రెండో పత్రంలో అదే మాట ఒక పట్టికలో వచ్చింది. ఏ వాల్వు ఏ స్థితిలో ఉందో చెప్పే పట్టిక అది. నా మెమరీ, నా అనువాదం, నూరు శాతం మ్యాచ్. నమ్మి ముందుకు వెళ్లిపోయాను. అచ్చు ప్రతి చదివిన షిఫ్టు సూపర్‌వైజరు ఫోను చేసి, “మేడం, ఇది మమ్మల్ని వాల్వు తెరవమంటోందా, తెరిచి ఉందని చెబుతోందా?” అని అడిగారు. ‘తెరిచి ఉంది’ అని ఉండాల్సిన చోటల్లా ‘తెరవండి’ అని పడింది. ఆయన చదవకపోతే ఆ కాగితం గోడకెక్కి ఉండేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పట్టికను తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

నూరుకు తక్కువ వచ్చే ఫజీ మ్యాచ్‌లను పిల్లలు కొంత నయంగానే చూస్తారు, కానీ 95 పైన కనిపిస్తే అక్కడా చూపు సడలుతుంది. పొడవైన ఆంగ్ల వాక్యంలో ‘నాట్’ అనే ఒక్క మాట ఎక్కువైతే సాఫ్ట్‌వేర్ దృష్టిలో అది చిన్న తేడా. పన్నెండు మాటల్లో ఒకటి మారితే పోలిక 90 శాతం దగ్గర ఉంటుంది. తెలుగులో ఆ తేడా ఎంత? ‘తెరవండి’, ‘తెరవకండి’. ఒక్క ‘క’. వరుసగా రెండు వందల సెగ్మెంట్లు చేసిన కంటికి ఆ ‘క’ ఆనదు. అంకెలదీ ఇదే కథ. వాక్యంలో అంకె మాత్రమే మారితే చాలా సాఫ్ట్‌వేర్లు కొత్త అంకెను వాటంతట అవే పెట్టేస్తాయి. బాగానే ఉంటుంది, ‘1 రోజులు’ అని తేలే వరకు. యంత్రాల వాక్యంలోని 2 మనుషుల వాక్యంలోకి వస్తే ‘రెండు కార్మికులు’ అవుతుంది.

కాంటెక్స్ట్ మ్యాచ్ అయితే ఫరవాలేదు కదా అని అడుగుతారు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో దాన్ని 101 అని చూపిస్తారు. వెనక సెగ్మెంటు, ముందు సెగ్మెంటు కూడా పాత పత్రంలో ఉన్నట్టే ఉన్నాయని దాని అర్థం. నూరు కంటే అది మేలే, కాదనను. కానీ పోల్చింది మళ్లీ ఆంగ్లాన్నే. పాత అనువాదకుడు తప్పు చేసి ఉంటే, ఆ తప్పు వెనకా ముందూ చూసుకుని మరీ మీ ఫైలులోకి వస్తుంది.

తిరుమల ఆలయంలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల గురించి మా ఊళ్లో తెలియనివారు ఉండరు. రేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది. ఆయన దాన్ని ఏ వరుసలో పాడారో చెప్పే స్వరం లేదు. ఇప్పుడు మనం వింటున్న బాణీలు చాలావరకు 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. ట్రాన్స్‌లేషన్ మెమరీ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆ రేకులే గుర్తుకొస్తాయి. అది మాటను భద్రంగా దాస్తుంది. ఆ మాటను ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో దాచదు. ఆ స్వరం కట్టవలసింది మీరే.

అయితే ఏం చేయాలి? పని పూర్తయ్యాక నూరు శాతం సెగ్మెంట్లను మాత్రమే ఫిల్టరు చేసి ఒకసారి చదవండి. తర్వాత ఫిల్టరు తీసేసి, మూలం పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని మొదటి నుంచి చివరి వరకు మళ్లీ చదవండి. ఒకటి రెండు మాటల సెగ్మెంట్లు, అంటే శీర్షికలు, పట్టిక గడులు, మీటల పేర్లు వచ్చినప్పుడు పీడీఎఫ్ చూడకుండా ఒక్కటి కూడా నిర్ధారించకండి. ఒకే సెగ్మెంటు ఫైలులో పదిచోట్ల ఉంటే, మీరు ఒకచోట నిర్ధారించగానే మిగతా తొమ్మిది చోట్లా అదే నింపే ఏర్పాటు చాలా సాఫ్ట్‌వేర్లలో ముందే ఆన్ చేసి ఉంటుంది. నేర్చుకునే రోజుల్లో దాన్ని ఆపి ఉంచండి. అనుమానం వస్తే కన్‌కార్డెన్స్‌లో, అంటే మెమరీ అంతటా ఒక మాటను వెతికే చోట, ఆ మాటను వెతకండి. పాత పత్రాల్లో అది ఎన్ని రకాలుగా వచ్చిందో కళ్లెదుట కనిపిస్తుంది. నా మటుకు ఈ సాఫ్ట్‌వేర్లలో అన్నిటికంటే విలువైనది ఆ వెతుకులాటే. మొదటి రోజు నేర్పేదీ అదే.

డబ్బుల మాట కూడా చెప్పుకోవాలి. ఏజెన్సీలు సాధారణంగా నూరు శాతం మ్యాచ్‌లకు తక్కువ కడతాయి, కొన్ని అసలేమీ కట్టవు. అందులో దాపరికం లేదు. కానీ కట్టని వాక్యాల బాధ్యత ఎవరిదో పని ఒప్పుకునే ముందే రాతపూర్వకంగా అడగండి. ‘నూరు శాతం మ్యాచ్‌లను నేను చదవాలా, వద్దా?’ ఈ ఒక్క ప్రశ్న చాలు. కొత్తవాళ్లు భయపడి అడగరు, అడిగితే పని పోతుందనుకుంటారు. ఈ ప్రశ్న అడిగినందుకు నాకు ఒక్క పని కూడా పోలేదు. ఆ సెగ్మెంట్లు లాక్ చేసి ఉంటే, మీ కంట పడిన తప్పులను విడిగా రాసి పంపండి.

మిగిలిన అపోహలు త్వరగా చెప్పేస్తాను.

క్యాట్ అంటే గూగుల్ అనువాదమే, మీట నొక్కితే అదే చేసేస్తుంది అంటారు. కాదు. పేరున్న క్యాట్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ట్రేడోస్ సంస్థ జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 1984లో మొదలైంది, 1990ల్లోనే ట్రాన్స్‌లేషన్ మెమరీ అనువాదకుల చేతుల్లో ఉంది. గూగుల్ అనువాదంలోకి తెలుగు వచ్చింది 2011లో. మెమరీ మనుషులు ముందు చేసిన అనువాదాన్ని వెతికి తెస్తుంది. యంత్రానువాదం కొత్త వాక్యాన్ని తయారు చేస్తుంది. ఈ రోజుల్లో రెండూ ఒకే తెర మీద కనిపిస్తున్నాయి కాబట్టి, ఏ గడిలోకి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే గుర్తును చదవడం నేర్చుకోండి.

లైసెన్సు కొనకపోతే నేర్చుకోలేం అన్న పుకారు మీద నాకు నిజంగా కోపం ఉంది. చిత్తూరు నుంచి ఒక తల్లి ఫోను చేసి, కూతురి సాఫ్ట్‌వేర్ కోసం గొలుసు తాకట్టు పెట్టాలా అని అడిగారు. వద్దమ్మా, పెట్టకండి. ఒమేగాటీ అనే క్యాట్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. సెగ్మెంటు, మెమరీ, పదకోశం, ట్యాగులు, నాణ్యత తనిఖీ అన్నీ అందులో నేర్చుకోవచ్చు. మెమరీని టీఎంఎక్స్ అనే, క్యాట్ సాఫ్ట్‌వేర్లు ఒకదానిది ఒకటి చదవగల ఫైలు రూపంలో దాచుకుంటే రేపు ఏ సాఫ్ట్‌వేర్‌కు మారినా వెంట తీసుకెళ్లవచ్చు. ఖరీదైనది కొనడం, పని వచ్చి ఆ పనే దాన్ని అడిగినప్పటి మాట.

తెలుగుకు ఇవి పనికిరావు అనేవాళ్లలో చాలామంది ‘అను’ అనే పాత ఫాంట్లలో టైపు చేసినవాళ్లు. ఆ ఫైళ్లలో లోపల ఉన్నవి వేరే సంకేతాలు, తెర మీద మాత్రమే తెలుగు. మెమరీలోకి వెళ్లేది ఆ సంకేతాలే. ముందు యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే సంకేతాల్లోకి మార్చండి, మార్చాక వత్తులు, పొల్లులు సరిగా వచ్చాయో లేదో చదివి చూడండి. అంతే.

పదకోశం హెచ్చరిక ఇచ్చిందంటే తప్పు చేసినట్టే అనుకోవడం కూడా సరికాదు. పదకోశంలో ‘యంత్రం’ అని ఉంటుంది. మీరు వాక్యంలో ‘యంత్రాన్ని’ అని సరిగ్గానే రాస్తారు. చివరి సున్నా కనపడదు కాబట్టి, విభక్తి తెలియని సాఫ్ట్‌వేర్ ఆ పదం వాడలేదని గోల చేస్తుంది. దాన్ని ఊరుకోబెట్టడానికి ‘యంత్రం యొక్క’, ‘యంత్రం ను’ అని వాక్యాన్ని పాడుచేసిన ఫైళ్లు ఎన్నో దిద్దాను. హెచ్చరికను చదవండి, మీ వాక్యం సరిగ్గా ఉంటే అలాగే వదిలేయండి.

ఇక ట్యాగుల భయం. ట్యాగు అంటే బొద్దు అక్షరాలు, లింకుల వంటివి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పే గుర్తు. ఆంగ్లంలో మొదట ఉన్న ట్యాగు తెలుగులో చివరికి వెళ్లవచ్చు. మన క్రియ చివర వస్తుంది కదా, దానితోపాటే ట్యాగూ వెళ్తుంది. ఏదీ పోకుండా, జంటలు విడిపోకుండా చూసుకుంటే చాలు.

ఆ అమ్మాయి ఆ కాగితాన్ని ‘కోసిన చోట నుంచి రసి లేదా చీము కారడం’ అని దిద్ది పంపింది. దానితోపాటు ఏజెన్సీకి ఒక చిన్న ఉత్తరం కూడా రాసింది: మీ మెమరీలో ‘డిశ్చార్జ్’కు ఒకే అర్థం ఉంది, రెండోది చేర్చాను, బిల్లుల పత్రాల్లో మాత్రం పాతదే వాడండి అని. రెండు రోజుల తర్వాత వాళ్లు ఆ మెమరీలో ఒకటి రెండు మాటల సెగ్మెంట్లన్నీ తనిఖీ చేసే పనిని, మాటల లెక్కన కాక గంటల లెక్కన డబ్బు కట్టి, ఆమెకే అప్పగించారు.