చెపాక్‌లో ఆ నాలుగు రోజులు: సొంతగడ్డపై మన పట్టు ఎక్కడ జారింది?

కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో 124 పరుగుల లక్ష్యం. సొంతగడ్డ, చేతిలో రెండు రోజులకు పైగా సమయం. భారత్ 93కే కుప్పకూలింది. పది రోజులకు గువాహటిలో 408 పరుగుల తేడాతో చిత్తయింది. పరుగుల లెక్కన టెస్టుల్లో మనకిదే అతి పెద్ద ఓటమి. 2025 నవంబరులో దక్షిణాఫ్రికా చేతిలో తిన్న ఈ 0-2 దెబ్బతో పాత గొడవ మళ్లీ రాజుకుంది: ఇలాంటి పిచ్‌లు ఎవరు అడిగారు, ఈ జట్టును ఎవరు ఎంపిక చేశారు?

2012లో ఇంగ్లండ్ 2-1తో గెలిచి వెళ్లడం, ఆ తర్వాత 2013 నుంచి 2024 దాకా వరుసగా 18 సిరీస్‌లు మనమే గెలవడం అందరికీ తెలిసిన కథే. అందులోంచి ఇప్పటి తగాదాకు పనికొచ్చేది ఒక్క ముక్క. 2012లో అహ్మదాబాద్‌లో గెలిచిన వెంటనే, మొదటి రోజు నుంచే తిరిగే పిచ్ కావాలని ధోని పట్టుబట్టాడు. ముంబయిలో కోరుకున్నది దొరికింది. మనవాళ్లు అశ్విన్, ఓజా, హర్భజన్‌లతో దిగారు. వికెట్లు మాత్రం పనేసర్‌కు 11, స్వాన్‌కు 8 పడ్డాయి. మ్యాచ్ పది వికెట్ల తేడాతో ఇంగ్లండ్ పరమైంది. అడిగి తెచ్చుకున్న పిచ్ ఎదుటివాడి స్పిన్నర్‌కూ అంతే సాయం చేస్తుందని ఆనాడే తేలిపోయింది.

చెప్పుకోవాల్సిన అసలు కథ 18 సిరీస్‌ల మధ్యలో ఉంది. అవన్నీ ఒకే రకం విజయాలు కావు. 2015లో దక్షిణాఫ్రికాను నాగ్‌పుర్‌లో 79 పరుగులకే ఆలౌట్ చేసిన పిచ్‌కు ఐసీసీ ‘పూర్’ ముద్ర వేసింది. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్ వచ్చినప్పుడు పద్ధతి మారింది. విశాఖలో కోహ్లి 167, 81 కొట్టాడు, 246 పరుగులతో గెలిచాం. ముంబయిలో ఇంగ్లండ్ తొలి ఇన్నింగ్స్‌లో 400 చేసింది. చెన్నైలో 477 చేసింది. అంత కొట్టినా రెండు చోట్లా ఇన్నింగ్స్ తేడాతోనే ఓడింది. ఎందుకంటే మనం ముంబయిలో 631, చెన్నైలో కరుణ్ నాయర్ ట్రిపుల్ సెంచరీతో 759 చేశాం. 2019 విశాఖ టెస్టు కూడా అంతే. మయాంక్ 215, రోహిత్ 176 చేస్తే, ఎల్గర్, డికాక్ సెంచరీలతో దక్షిణాఫ్రికా 431 దాకా వచ్చింది. అయినా చివరి రోజు షమి 5 వికెట్లు తీశాడు, 203 పరుగులతో నెగ్గాం.

ఈ విజయాలకు ఒక పద్ధతి ఉంది. మొదటి రెండు రోజులు బ్యాట్ మీదికి బంతి చక్కగా వచ్చే పిచ్. మనవాళ్లు 500 దాటిస్తారు. మూడో రోజు నుంచి పిచ్ నెమ్మదిగా విరుగుతుంది. అప్పటికి అశ్విన్, జడేజాల వెనక స్కోరు కొండలా ఉంటుంది కాబట్టి బ్యాటర్ చుట్టూ నలుగురైదుగురు ఫీల్డర్లను మోహరించొచ్చు. అవుట్‌ఫీల్డ్ మీద, పిచ్ మీద గరుకుదనం వల్ల పాతబడిన బంతి షమి, ఉమేశ్‌ల చేతిలో రివర్స్ స్వింగ్ అవుతుంది, అంటే గాలిలో మామూలుకు ఎదురు దిశలో వంగుతుంది. ప్రత్యర్థి జట్టు ఇందులో ఎక్కడో ఒకచోట జారాల్సిందే. మంచి పిచ్ మీద వికెట్ తీయగల స్పిన్నర్లు మన దగ్గర ఉన్నారు, వాళ్ల దగ్గర లేరు. ఆధిపత్యమంతా ఆ తేడాలోనే ఉంది.

దాన్ని మనమే చేజేతులా చెరిపేసుకోవడం 2021 ఫిబ్రవరిలో మొదలైంది. ఇంగ్లండ్‌తో చెన్నైలోని చెపాక్‌లో తొలి టెస్టు అచ్చం పాత పద్ధతి పిచ్ మీదే జరిగింది. కాకపోతే ఈసారి టాస్ గెలిచి 578 కొట్టింది ఇంగ్లండ్. రూట్ తన వందో టెస్టులో 218 చేశాడు. 227 పరుగులతో ఓడాం. నిజానికి ఆ మ్యాచ్‌లో తప్పంతా పిచ్‌ది కాదు. అక్షర్ గాయపడితే నదీమ్‌ను ఆఖరి నిమిషంలో దించారు. జట్టులోనే ఉన్న కుల్‌దీప్‌ను బెంచీ మీద కూర్చోబెట్టారు. అశ్విన్‌కు అటువైపు నుంచి ఒత్తిడి పెట్టేవాడు కరవయ్యాడు. అంటే అది ముందుగా ఎంపికలో పొరపాటు. కానీ లెక్క ఇంకో రకంగా కట్టారు. ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ చేరాలంటే ఆ సిరీస్‌ను కనీసం 2-1తో గెలవాలి. ఇంకొక్క ఓటమి ఎదురైతే కథ ముగిసినట్టే. నాలుగు టెస్టుల ఆ సిరీస్‌లో గెలుపుకు 30 పాయింట్లు, డ్రాకు 10. అయిదు రోజులు సాగి డ్రా అయ్యే పిచ్ ఎవరికీ అక్కర్లేకుండా పోయింది.

ఫిబ్రవరి 9న తొలి టెస్టు ముగిసింది, 13న అదే మైదానంలో రెండోది మొదలైంది. ఈసారి పక్క పిచ్, మొదటి రోజే దుమ్ము లేచింది. ఇంగ్లండ్ 134, 164కే ఆలౌట్. 317 పరుగులతో గెలిచాం. తర్వాత అహ్మదాబాద్‌లో గులాబీ బంతి టెస్టు రెండు రోజుల్లోనే అయిపోయింది, అక్షర్‌కు 11 వికెట్లు. సిరీస్ 3-1. జబ్బుకు మందు దొరికిందని అందరూ సంబరపడ్డారు. అహ్మదాబాద్ స్కోర్‌కార్డులోని ఇంకో వరుసను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు: పార్ట్‌టైమ్ స్పిన్నర్ రూట్ 8 పరుగులకే 5 వికెట్లు తీశాడు. మనం 145కే ముగిశాం.

పిచ్‌ను తిరిగేలా చేయడం పెద్ద రహస్యమేమీ కాదు. మ్యాచ్‌కు కొన్ని రోజుల ముందే నీళ్లు ఆపేస్తారు. గడ్డిని పూర్తిగా గీకేస్తారు. రోలర్ తక్కువగా తిప్పుతారు. మట్టికి పట్టు రాదు, పై పొర త్వరగా విరుగుతుంది. ఎర్రమట్టి అయితే బంతి పైకి లేస్తూ తిరుగుతుంది, పిచ్ త్వరగా పొడిబారుతుంది. నల్లమట్టి పగుళ్లిచ్చినా ముక్కలుగా అంటుకునే ఉంటుంది, బంతి కిందికి, నెమ్మదిగా వస్తుంది. మొదటి రోజే పై పొర విరిగితే ఏమవుతుందంటే, ఒకే చోట పడిన రెండు బంతుల్లో ఒకటి గిర్రున తిరుగుతుంది, ఇంకొకటి నేరుగా దూసుకొస్తుంది. ఏది ఎటు పోతుందో బౌలర్‌కే తెలియదు. గాలిలో బంతిని తేలించడం, వేగం మార్చడం, బ్యాటర్‌ను ముందుకు లాగి బోల్తా కొట్టించడం వంటి విద్యలన్నీ పక్కకు పోతాయి. ఒకే చోట, కాస్త వేగంగా, వికెట్ల మీదికి వేస్తూ పోతే చాలు, పిచ్చే పని చేసిపెడుతుంది. తిరుగుతుందని బ్యాట్ పెట్టినవాడికి నేరుగా వచ్చిన బంతి ప్యాడ్‌కు తగులుతుంది. నేరుగా వస్తుందనుకున్నవాడికి అంచు తగిలి స్లిప్‌లోకి పోతుంది. అశ్విన్‌కూ, ఎవరో మామూలు స్పిన్నర్‌కూ ఉన్న దూరం అక్కడ సగానికి సగం తగ్గిపోతుంది.

2023లో ఆస్ట్రేలియాతో ఇందోర్‌లో ఇదే జరిగింది. తొలి రోజే మనం 109కి ఆలౌట్, ఎడమచేతి స్పిన్నర్ కునెమన్‌కు 5 వికెట్లు 16 పరుగులకే. ఆ పిచ్‌కు ఐసీసీ మొదట ‘పూర్’ అని మూడు డీమెరిట్ పాయింట్లు వేసింది. బోర్డు అప్పీలు చేశాక ‘బిలో యావరేజ్’గా మార్చి ఒక పాయింటుతో సరిపెట్టింది. 2024 అక్టోబరులో బెంగళూరులో 46కే ఆలౌటై న్యూజిలాండ్‌కు తొలి టెస్టు అప్పగించాక, పుణెలో మళ్లీ 2021 నాటి మందే వేశారు. అప్పటిదాకా టెస్టుల్లో ఒక ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు కూడా తీయని శాంట్నర్ ఆ ఒక్క మ్యాచ్‌లో 13 తీశాడు. ముంబయిలో 147 లక్ష్యం కొట్టలేక 121కే చేతులెత్తేశాం, అజాజ్ పటేల్‌కు మ్యాచ్‌లో 11 వికెట్లు. 0-3. రోహిత్ ఆరు ఇన్నింగ్స్‌లలో 91 పరుగులు, కోహ్లి 93.

దీనికి ఎదురు సాక్ష్యం అదే ఏడాది మొదట్లో ఉంది. హైదరాబాద్ ఉప్పల్‌లో 190 పరుగుల ఆధిక్యం సంపాదించి కూడా ఇంగ్లండ్‌కు 28 పరుగులతో ఓడాం. పోప్ రివర్స్ స్వీప్‌లతో 196 చేస్తే, కొత్తగా వచ్చిన హార్ట్‌లీ 7 వికెట్లు తీశాడు. అయినా ఆ సిరీస్‌లో తర్వాతి పిచ్‌లను దుమ్ముగా మార్చలేదు. విశాఖలో జైస్వాల్ 209 చేశాడు, బుమ్రా 9 వికెట్లు తీశాడు, 106 పరుగులతో గెలిచాం. రాజ్‌కోట్‌లో 434 పరుగుల విజయం. కోహ్లి సిరీస్ మొత్తానికీ లేడు, అయిదుగురు కొత్తవాళ్లు అరంగేట్రం చేశారు. అయినా 4-1. బ్యాటింగ్ చేయగలిగే పిచ్ మీద పిల్లలతో కూడిన జట్టు గెలిచింది, తొమ్మిది నెలల తర్వాత దుమ్ము పిచ్ మీద రోహిత్, కోహ్లి ఇద్దరూ ఉన్న జట్టు ఓడింది. ఇంతకన్నా తేటగా ఇంకేం చెప్పాలి?

పిచ్‌ల సంగతి అలా ఉంటే, వాటి వెంటే జట్టు ఎంపిక కూడా దారి తప్పింది. దుమ్ము పిచ్ మీద బ్యాటర్లెవరూ నిలవరు. అప్పుడు ‘ఎనిమిది, తొమ్మిది స్థానాల దాకా బ్యాటింగ్ ఉండాలి’ అనే వాదన పుడుతుంది. కాబట్టి స్పిన్ ఆల్‌రౌండర్లు పెరుగుతారు. దీనికి మొదట బలయ్యేది కుల్‌దీపే. 2022 డిసెంబరులో చట్టోగ్రామ్‌లో 8 వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు, తర్వాతి టెస్టుకే పక్కన పెట్టారు. పుణెలోనూ అతణ్నే తీసి ఆల్‌రౌండర్ వాషింగ్టన్ సుందర్‌ను తెచ్చారు. వాషింగ్టన్ ఆ మ్యాచ్‌లో 11 వికెట్లు తీసిన మాట నిజమే. 2025లో ఇంగ్లండ్‌లో అయిదు టెస్టులకూ కుల్‌దీప్ డ్రింక్స్ మోయడంతోనే సరిపోయింది.

ఈడెన్‌లో ఆ ధోరణి ముదిరింది. జడేజా, అక్షర్, వాషింగ్టన్, కుల్‌దీప్: నలుగురు స్పిన్నర్లు. అంతకుముందు నెలే ఢిల్లీలో 87 చేసిన సాయి సుదర్శన్‌ను తప్పించి, పుజారా ఏళ్ల తరబడి కాపు కాసిన మూడో స్థానానికి వాషింగ్టన్‌ను పంపారు. బ్యాట్‌తో 29, 31 చేసి అతను మిగతావాళ్లకన్నా మెరుగనిపించుకున్నాడు, అందులో అతని తప్పేమీ లేదు. కానీ మ్యాచ్ మొత్తంలో అతనితో వేయించింది ఒకే ఒక్క ఓవర్. అంటే నాలుగో స్పిన్నర్ పేరుతో ఒక అసలు బ్యాటర్ చోటు పోయింది. పైగా తుది జట్టులో ఆరుగురు ఎడమచేతివాటం వాళ్లు, ఎదురుగా ఆఫ్‌స్పిన్నర్ హార్మర్. బంతి వాళ్లకు బయటికి తిరుగుతుంది, తిరగనిది లోపలికొచ్చి ప్యాడ్‌కు తగులుతుంది. అతను రెండు ఇన్నింగ్స్‌లలో నాలుగేసి వికెట్లు తీశాడు. ఇదే హార్మర్ 2015లో నాగ్‌పుర్‌లోనూ ఆడి మూడు రోజుల్లో ఓడిపోయి వెళ్లినవాడు. మ్యాచ్ మొత్తానికీ ఒకే ఒక్క అర్ధసెంచరీ దక్షిణాఫ్రికా కెప్టెన్ బవుమాది. వికెట్ పోకుండా, తొందరపడకుండా ఆడితే 55 ఎలా చేయొచ్చో చూపించాడు.

జట్టు యాజమాన్యం వాదనా ఒకటుంది. ఇంగ్లండ్ పచ్చికతో, ఆస్ట్రేలియా బౌన్స్‌తో తమకు కావాల్సిన పిచ్ చేసుకుంటే లేని తప్పు మనకెందుకు? 2024 జనవరిలో కేప్‌టౌన్ టెస్టు 642 బంతుల్లోనే ముగిసినప్పుడు రోహిత్ ఇదే అడిగాడు. అందులో న్యాయం ఉంది. తొలి రోజు నుంచే తిరిగితే టాస్ గెలిచినవాడికి మాత్రమే మేలు జరగదన్నదీ నిజమే. ఈడెన్ ఓటమి తర్వాత కోచ్ గంభీర్ కూడా, మేం అడిగిన పిచ్చే దొరికింది, ఆడలేనంత కష్టమైనదేమీ కాదు, మావాళ్లే సరిగా ఆడలేదు అన్నాడు. సరే, ఆడలేకపోతున్నారని తెలిసీ అదే పిచ్ ఎందుకు అడిగినట్టు? పైగా ఆ ముందు నెలే అహ్మదాబాద్‌లో వెస్టిండీస్ టెస్టుకు ముందు, ఇకపై బ్యాటర్లకూ బౌలర్లకూ సమానంగా ఉండే పిచ్‌ల మీద ఆడతామని కెప్టెన్ గిల్ చెప్పాడు. గడ్డి ఉంచిన ఆ పిచ్ మీద ఇన్నింగ్స్ 140 పరుగులతో గెలిచారు కూడా. ఆరు వారాలు తిరక్కుండానే మాట మారింది.

గువాహటి పిచ్ మంచిదే కదా, అక్కడా ఓడారు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. 95/1 నుంచి 122/7కు పడినప్పుడు మొదటి రెండు వికెట్లు హార్మర్ స్పిన్‌కు పోయినా, తర్వాతి నాలుగూ పేసర్ యాన్సెన్‌కే, ఎక్కువగా షార్ట్ బంతులకే. ఆ ఇన్నింగ్స్‌లో అందరికన్నా ఎక్కువ బంతులు ఆడింది కుల్‌దీప్, 134 బంతుల్లో 19. బ్యాటింగ్ కోసమంటూ ఎన్నోసార్లు తప్పించింది ఇతణ్నే! ఇక విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని కోల్‌కతాకు ముందు జట్టు నుంచి విడుదల చేశారు, గువాహటికి మళ్లీ పిలిచి ఆడించి కొద్ది ఓవర్లే ఇచ్చారు. మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టిన కుర్రాడు జట్టులో బ్యాటరా, నాలుగో పేసరా అన్నది ఎవరూ తేల్చలేదు. ఏళ్ల తరబడి దుమ్ము పిచ్‌లకు తగ్గట్టు జట్టును పేర్చుకుంటూ పోతే, మంచి పిచ్ ఎదురైన రోజున పేర్చడానికి మిగిలేది ఇలాంటి జట్టే.

2027 ఆరంభంలో ఆస్ట్రేలియా అయిదు టెస్టులకు వస్తుంది. ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ లెక్కలో ఇప్పుడు గెలుపుకు 12 చొప్పున మొత్తం 60 పాయింట్లు. దక్షిణాఫ్రికా మీద సొంతగడ్డపైనే 24 పోగొట్టుకున్నాం కాబట్టి, 2021లో చెపాక్‌లో పిచ్ మార్చినప్పుడు ఉన్న ఒత్తిడికి ఈసారి తక్కువేమీ ఉండదు. బ్యాటింగ్‌లో మూడో స్థానం ఎవరిదో ఇంకా తేలలేదు. అశ్విన్ లేడు, జడేజాకు అప్పటికి 38 నిండి ఉంటాయి.