మ్యాన్‌హోల్ దగ్గర 20.8, అడుగున 16: ఫ్యాక్టరీ సేఫ్టీలో అపోహలు - వాస్తవాలు

బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు తయారుచేసే) కంపెనీల్లో సేఫ్టీ ఉద్యోగం చేస్తూ పద్నాలుగేళ్లయింది. కొత్తగా చేరిన హెల్పర్‌కి మేం మూడు రోజులు కూర్చోబెట్టి చెప్పేది ఒకటైతే, మొదటి వారంలో పాత హెల్పర్ టీ తాగుతూ చెప్పేది ఇంకొకటి, చివరికి నిలబడేది టీ దగ్గర విన్నదే. అలాంటి మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. షెడ్లలో వినిపించేవి ముందు, ఏసీ గదుల్లో వినిపించేవి తర్వాత.

అపోహ: వాసన రావట్లేదంటే ట్యాంకు లోపల గ్యాస్ లేనట్టే.

మా పనిలో ఎక్కువ భయపడాల్సింది వాసన లేనిదానికే. నైట్రోజన్‌కి రంగు లేదు, వాసన లేదు, మనం పీల్చే గాల్లో 78 శాతం అదే కాబట్టి ఒంటికి కొత్తగా కూడా అనిపించదు. దగ్గు రాదు, కళ్లు మండవు. ఆక్సిజన్ దాదాపు లేని చోట రెండు మూడు శ్వాసలకే మనిషి కూలబడతాడు, కేక వేసే టైము కూడా ఉండదు. వాసన ఉన్నవాటినీ నమ్మడానికి లేదు. ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) ట్యాంకుల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది, నిజమే, కానీ 100 పీపీఎం (పది లక్షల భాగాల గాల్లో 100 భాగాలు) దగ్గరికొచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. అప్పుడు "వాసన పోయింది సార్, దిగొచ్చు" అంటారు.

ఒక రాత్రి రియాక్టర్ (రసాయనాలు కలిపి వండే పెద్ద పాత్ర) క్లీనింగ్ ఉంటే, మనిషి లోపలికి దిగడానికి ఇచ్చే పర్మిట్ కాగితం చూద్దామని వెళ్లాను. తొమ్మిది, పది, పదకొండు, ఈ మూడు గంటల గడుల్లోనూ ఆక్సిజన్ 20.8 శాతం (మామూలు గాల్లో ఉన్నంతే) అని ఒకే పెన్నుతో రాసి ఉంది. గడియారం చూసుకుంటే ఇంకా తొమ్మిదిన్నరే. మీటర్ పట్టుకున్న కుర్రాణ్ణి ఎక్కడ చూశావు తమ్ముడూ అంటే "మ్యాన్‌హోల్ దగ్గరే సార్, 20.8 కరెక్టే" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు, అక్కడ అంతే ఉంది. మీటర్‌కి గొట్టం తగిలించి అడుగుదాకా దించాం. అంకె దిగుతూ దిగుతూ 16 దగ్గర ఆగింది, మీటర్ ఒకటే అరుపు. దిగాల్సిన మనిషి హార్నెస్ (ఒంటికి కట్టే సేఫ్టీ బెల్టు) వేసుకుని, బ్రష్ ఒళ్లో పెట్టుకుని నిచ్చెన పక్కనే కూర్చుని ఉన్నాడు. సంగతేంటంటే నైట్రోజన్ లైను వాల్వు కట్టేశారు గానీ ఫ్లాంజ్ (పైపు అతుకు) విప్పి బ్లైండ్ (దారి పూర్తిగా మూసే రేకు) వేయలేదు, ఆ వాల్వు సన్నగా లీకవుతోంది. కట్టేసిన వాల్వు అంటే మూసిన దారి అని మా లెక్కలో కాదు.

ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే దిగకూడదు, 23.5 దాటినా దిగకూడదు (దాటితే చిన్న నిప్పురవ్వకే బట్టలు భగ్గుమంటాయి). మండే ఆవిరి అంటుకునే కనీస స్థాయిలో పదో వంతు కూడా ఉండకూడదు. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి, మనిషి లోపల ఉన్నంతసేపూ చూస్తూ ఉండాలి.

అపోహ: మాస్క్ ఉందిగా.

ఏ మాస్క్? గుడ్డ మాస్క్ గ్యాస్‌ని ఆపదు. కార్ట్రిడ్జ్ (వడపోత డబ్బా ఉన్న) మాస్క్ కొన్ని రకాల ఆవిర్లను పట్టుకుంటుంది గానీ ఆక్సిజన్‌ని తయారుచేయదు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న చోటికి బయటి గాలి తెచ్చే ఎయిర్‌లైన్ సెట్టో, వీపున సిలిండర్ సెట్టో ఉండాల్సిందే.

అపోహ: తోటివాడు పడిపోతే వెంటనే దిగి లాగేయాలి.

ఇది అపోహ అనడానికి కూడా మనసొప్పదు, మనిషితనం. కానీ సెప్టిక్ ట్యాంకుల వార్తలు చూడండి, ఒకడు పడిపోతే కాపాడటానికి ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు. మొదటివాణ్ణి పడేసిన గాలి రెండోవాణ్ణి వదలదు. అందుకే దిగేవాడి హార్నెస్‌కి తాడు, పైన ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు), దానికి తాడు చుట్టి పైకి లాగే వించ్, మ్యాన్‌హోల్ దగ్గర నుంచి కదలకుండా ఒక మనిషి. ఆ మనిషి పని చూడటం, పిలవడం, పైనుంచే లాగడం. "ఓ స్పానర్ తెచ్చిపెట్టు" అని అతన్ని పంపేశారంటే ఆ పర్మిట్ అక్కడితో రద్దయినట్టే.

అపోహ: బెల్లం తింటే దుమ్మంతా దిగిపోతుంది.

సిమెంటు, క్రషర్లు, జిన్నింగు మిల్లులు, ఎక్కడికెళ్లినా ఉన్నదే ఇది, షిఫ్టు అయ్యాక బెల్లం ముక్క. బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి, రెండు దారులూ గొంతు దగ్గరే వేరైపోతాయి. పైగా హాని చేసే రాతి దుమ్ము కంటికి కనిపించనంత సన్నది, ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ వచ్చాక దాన్ని తిరగ్గొట్టే మందు లేదు. బెల్లం తినొద్దనను, నేనూ తింటాను. కాకపోతే బెల్లం పంచే యజమాని నీళ్ల స్ప్రే, దుమ్ము లాగే ఫ్యాను పెట్టించాడో లేదో ఒకసారి అడగండి.

అపోహ: ప్లాంట్ ఆపేసి ఉంటే ప్రమాదమేముంటుంది?

విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున లాక్‌డౌన్‌లో ఆపి ఉంచిన ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచే స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ఆవిరి ఊళ్లోకి వచ్చింది, 12 మంది చనిపోయారు. స్టైరీన్ ఊరికే నిలవ ఉన్నా తనలో తానే గట్టిపడుతూ వేడెక్కుతుంది, చల్లదనం, గట్టిపడకుండా ఆపే రసాయనం సరిగ్గా అందకపోతే ఆ వేడి ఇంకా పెరుగుతుంది. ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చిన వాటిలో నాకు నిద్ర పట్టనివ్వనిది ఒకటుంది: ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలుస్తున్నారు, పైన ఎంత వేడెక్కిందో చూపించేది ఏదీ లేదు. మా కుర్రాడు పైన కొలిచి అడుగు వదిలేశాడు, అక్కడ అడుగున కొలిచి పై భాగం వదిలేశారు. సైరన్ కూడా మోగించలేదు.

ఇక ఏసీ గదుల మాటలు.

"వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు, మాకు సంబంధం లేదు." ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాడూ కార్మికుడే. ఇప్పుడు దాని స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది, అందులోనూ పని చోటును ప్రమాదం లేకుండా ఉంచే బాధ్యత యజమానిదే. కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరు ఆక్యుపయర్‌గా (ఫ్యాక్టరీకి చట్టం ముందు బాధ్యుడిగా) జవాబు చెప్పాలి. "సేఫ్టీ ఆఫీసర్ ఉన్నాడుగా" అంటే కుదరదు. నేను చూసి చెప్పగలను, డబ్బు ఖర్చు పెట్టే సంతకం నాది కాదు.

"బూట్ల డబ్బు జీతంలో పట్టుకుందాం." బూట్లు, హెల్మెట్, మెడికల్ పరీక్ష, ఆరోగ్యం కోసం, భద్రత కోసం ఇచ్చే దేనికీ కార్మికుడి దగ్గర పైసా వసూలు చేయకూడదు. కోడ్‌లో స్పష్టంగా ఉంది.

"హెల్మెట్ పెట్టుకోలేదు, తప్పు వాడిదే, పరిహారం రాదు." ఇది చెప్పి ఎంతమంది ఇళ్ల నుంచి ఎన్ని కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారో! కావాలనే రూలు తప్పాడు, తాగి ఉన్నాడు అనే సాకు ప్రాణం తీయని, శాశ్వతంగా మూలన పడేయని గాయాలకే పనికొస్తుంది. మనిషి చనిపోయినా, పూర్తిగా, శాశ్వతంగా పనికి దూరమైనా ఆ సాకు చెల్లదని, తర్వాత సవరణలతో, 1923 నాటి పరిహార చట్టంలోనే ఉంది, కొత్త సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే. పరిహారం హక్కు వదులుకుంటున్నాను అని రాయించుకున్న ఒప్పందం కూడా ఆ పాత చట్టం లెక్కలోనే చెల్లనిది. నెలకు 21,000 రూపాయల లోపు జీతమైతే ఈఎస్ఐ ఉంటుంది, పనిలో ప్రమాదం వల్ల చనిపోతే జీతంలో 90 శాతం ఆధారపడినవాళ్లకు పింఛనుగా వస్తుంది, చేరిన మొదటి రోజే జరిగినా సరే.

"పని ఆపితే ఊరుకోరు." ప్రాణం మీదికొచ్చే ప్రమాదం కనిపిస్తే యజమానికీ, ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పే హక్కు కార్మికుడికి ఉంది, చెబితే సరిచేయాల్సింది యజమాని. కాగితం మీద ఉన్నదిది. పైన చెప్పిన రాత్రి మేం ఎంట్రీ ఆపేసి, బ్లైండ్ వేయించి, గాలి కొట్టించి, మళ్లీ కొలిచేసరికి తెల్లారిపోయింది. నిచ్చెన పక్కన బ్రష్ పట్టుకుని కూర్చున్న మనిషికి, పని జరగలేదని, కాంట్రాక్టర్ సగం రోజు హాజరు కోశాడు. ఆ సగం రోజు తిరిగి వేయించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.