ఆనందం, జీవితానికి అర్థం: అపోహలు - వాస్తవాలు

“ఏ లోటూ లేదండీ, కానీ ఏదీ చేయబుద్ధి కావట్లేదు.” కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఇది. దీని వెనక కొన్ని నమ్మకాలు గట్టిగా పాతుకుపోయి ఉంటాయి. వాటిలో మొదటిది చేసే నష్టం మిగతావాటికంటే చాలా ఎక్కువ. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాం.

అపోహ: ముందు మూడ్ బాగుపడాలి, ఆ తర్వాతే ఏ పనైనా.

వాస్తవం: చాలాసార్లు పని ముందు, ఉత్సాహం తర్వాత. దిగులు పట్టిన మనిషి ఒక్కొక్కటే మానేస్తూ వస్తాడు. సాయంత్రం షటిల్, అక్కకి ఫోన్, శనివారం గుడి. మానేసినకొద్దీ రోజులో బాగున్న క్షణాలు తగ్గుతాయి, అవి తగ్గేకొద్దీ దిగులు ముదురుతుంది. 1970ల్లో అమెరికన్ సైకాలజిస్టు పీటర్ లెవిన్సన్ ఈ తీరును గమనించి, మానేసిన పనులను మళ్లీ దినచర్యలోకి తేవడాన్నే చికిత్సగా మలిచారు. ఈ పద్ధతిని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. మన దేశంలో గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని పరీక్షించారు. మానసిక వైద్యం చదవని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, వాళ్లచేతే ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు చేయించారు. మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్లకంటే ఈ సిట్టింగులు కూడా అందినవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు ఎక్కువగా తగ్గాయని 2017లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది.

ఇంట్లో ఇలా చేయొచ్చు. మొదటి వారం ఏమీ మార్చకండి, రాసుకోండి చాలు. నోటుపుస్తకంలో గంటకో గడి గీసి, ఆ గంటలో చేసిన పని రాయండి. పక్కన 0 నుంచి 10 వరకు రెండు మార్కులు వేయండి. ఒకటి ఎంత బాగుందో చెప్పేది, రెండోది చేసినందుకు ఎంత తృప్తిగా ఉందో చెప్పేది. రెండూ ఒకటి కావు. ఇన్సూరెన్స్ కాగితాలు సర్దడం బాగుండటంలో 1, తృప్తిలో 7 కావచ్చు. మార్కులు అప్పటికప్పుడు వేయాలి. రాత్రి పడుకునేముందు అన్నీ ఒకేసారి వేస్తే, ఆ పూట చికాకు పొద్దుటి కాఫీకి కూడా మార్కులు తగ్గించేస్తుంది.

ఇంటిపట్టునే ఉండే ఒకావిడ పట్టిక ఇలా ఉందనుకుందాం. మధ్యాహ్నం 2 నుంచి 3 వరకు ఫోన్‌లో రీల్స్: 3, 0. సాయంత్రం 5 గంటలకు మేడమీద కుండీలకు నీళ్లు పోసి, మల్లెమొగ్గలు కోసి మాల కట్టడం: 7, 6. రాత్రి 8 నుంచి 10 వరకు సీరియళ్లు: 4, 1. రెండు గంటల సీరియళ్లకంటే అరగంట మల్లెమాలకు ఎక్కువ మార్కులు పడ్డాయని కాగితం మీద చూసేదాకా ఆవిడకే తట్టకపోవచ్చు.

రెండో వారం మంచి మార్కులు తెచ్చుకున్న పనులు రెండు, ఎప్పుడో మానేసిన పని ఒకటి తీసుకోండి. “వాకింగ్ మొదలుపెడతా” అని రాసుకుంటే జరగదు. “సోమ, బుధ, శుక్రవారాలు, కాఫీ తాగి గ్లాసు కడగగానే, రామాలయం దాకా, 10 నిమిషాలు” అని రాసుకుంటే జరిగే అవకాశం ఎక్కువ. బెడిసికొట్టేది ఎక్కువగా కొలత దగ్గరే. మొదటిరోజే గంట నడిచి, నాలుగోరోజు మానేసి, “నావల్ల కాదు” అని తేల్చేస్తారు. 10 నిమిషాలు కుదరకపోతే 5 చేయండి, అదీ కుదరకపోతే చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లి రండి. ఇంకో పొరపాటు, అన్నీ సరదా పనులే ఎంచుకోవడం. అలా చేస్తే తృప్తి గడి ఖాళీగా ఉండిపోతుంది. మొదటి రెండు మూడుసార్లు మార్కులు తక్కువే పడొచ్చు. రెండు వారాలు గడవకుండా ఏ పనినీ తీసేయకండి.

అపోహ: ఏదీ చేయబుద్ధి కాకపోవడం ఒట్టి బద్ధకం.

వాస్తవం: ఇదివరకు ఇష్టపడినవేవీ రుచించకపోవడం రెండు వారాలపాటు, దాదాపు ప్రతిరోజూ ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటే అది డిప్రెషన్ కావచ్చు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బీ12 తక్కువ కావడం కూడా ఇలాగే నీరసపరుస్తాయి కాబట్టి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు “పనిలో పడితే అదే పోతుంది” అంటే నొచ్చుకుని చెప్పుకోవడమే మానేసేవాళ్లున్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాల లెక్క చూడొద్దు, ఇవాళే ఫోన్ చేయండి.

అపోహ: ప్రతి మనిషికీ ఒకే ఒక్క జీవిత లక్ష్యం ఉంటుంది, అది దొరికేదాకా బతుకు వృథా.

వాస్తవం: ఈ నమ్మకానికి ‘ఇకిగాయ్’ (బతకడానికి కారణం అనే అర్థంలో జపనీస్ మాట) పేరుతో తిరిగే నాలుగు వలయాల బొమ్మ బాగా బలం చేకూర్చింది. ఇష్టం, నేర్పు, లోకానికి అవసరం, జీతం నాలుగూ కలిసే చోటే లక్ష్యం అని చెప్పే ఆ బొమ్మను ఆ పేరుతో 2014లో తన బ్లాగులో పెట్టింది మార్క్ విన్ అనే ఆయన, జపాన్‌వాళ్లు కాదు. జపాన్‌లో ఇకిగాయ్‌ని లోతుగా అధ్యయనం చేసిన మానసిక వైద్యురాలు మియెకో కమియా నగషిమా దీవిలో కుష్ఠురోగుల మధ్య పనిచేశారు. ఉద్యోగం, జీతం దూరమైన ఆ మనుషుల్లోనూ కొందరికి బతుకు నిండుగానే ఉండటం ఆవిడ చూశారు. జీతం వలయం లేకపోతే లక్ష్యమే లేదనుకుంటే అమ్మమ్మలు, రిటైరైనవాళ్లు, ఇంటిపని చేసేవాళ్లు అందరూ లెక్కలోంచి పోతారు. అది మాకు బొత్తిగా ఒప్పుకోబుద్ధి కాదు.

ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు 2001లో అమెరికాలో ఆసుపత్రి శుభ్రం చేసేవాళ్ల గురించి రాశారు. అదే పనిలో ఉన్నా, కొందరు రోగులను పలకరిస్తూ, వైద్యంలో తమకూ భాగం ఉందనుకుంటూ చేసేవాళ్లు. ఇది మీరూ ప్రయత్నించవచ్చు. విసుగొచ్చే పని ఒకటి తీసుకుని మూడు వాక్యాలు రాయండి: దీనివల్ల ఎవరికి ఉపయోగం, నేను చేయకపోతే ఎక్కడ ఆగుతుంది, ఇందులో నా ఇష్టప్రకారం మార్చుకోగలిగింది ఏది. మొదటిదానికి “సమాజానికి” అని రాయొద్దు, ఒక మనిషిని తలచుకుని రాయండి. మూడో వాక్యానికి జవాబే దొరకకపోతే లోపం మీలో ఉందనుకోకండి, ఆ ఉద్యోగాన్నే మార్చుకోవాల్సి రావచ్చు.

అపోహ: రోజూ కృతజ్ఞతల జాబితా రాస్తే ఆనందం అదే వస్తుంది.

వాస్తవం: సైకాలజిస్టు సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం చేసిన ఆరు వారాల ప్రయోగంలో వారానికోసారి రాసినవాళ్లకు మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించలేదు. అస్తమానం రాస్తే మొక్కుబడిగా తయారవుతుంది. “కుటుంబం, ఆరోగ్యం” అని రాసి లాభం లేదు. “మంగళవారం లిఫ్ట్ ఆగిపోతే ఎదురింటి అబ్బాయి గ్యాస్ బండ మూడో అంతస్తుకి మోసిపెట్టాడు” అని రాయండి. కుదిరితే ఆ అబ్బాయికే చెప్పండి.

అపోహ: డబ్బుకీ ఆనందానికీ సంబంధం లేదు.

వాస్తవం: ఉంది. 2023లో కిల్లింగ్స్‌వర్త్, కానమన్, మెల్లర్స్ అనే పరిశోధకులు కలిసి అమెరికా లెక్కలు తిరగేస్తే, చాలామందిలో ఆదాయంతోపాటు సంతోషమూ పెరుగుతూ వచ్చింది. బాగా దిగులుగా ఉండేవాళ్లలో మాత్రం ఒక స్థాయి దాటాక ఆగిపోయింది. ఈఎంఐలు కట్టలేక నిద్రపట్టని మనిషికి పైన చెప్పిన పట్టికలు ఇచ్చి పంపడం అన్యాయం. అప్పులన్నీ వడ్డీతో సహా ఒక కాగితం మీద రాయించి, వాయిదా తప్పకముందే బ్యాంకుకి వెళ్లి గడువు పెంచమని అడిగేలా చూడటం ముందు జరగాలి.