వెయ్యి మొక్కలకు ఒకటింబావు తల్లి

ఆన్‌లైన్‌లో ‘నీలం మేపుల్ గింజలు’ అని అమ్మే పొట్లంలో ఏముంటుందో చెప్పలేం గానీ, నీలం మేపుల్ మాత్రం ఉండదు. అలాంటి నీలి ఆకుల మేపుల్ ఎక్కడా లేదు, ఆ ఫొటోల్లో రంగు కంప్యూటర్లో పూసిందే. అసలైన జపాన్ మేపుల్ గింజ దొరికినా బెంగళూరు బాల్కనీలో ఊరికే మొలవదు. తడి ఇసుకలో, 4 డిగ్రీల చలిలో మూడు నాలుగు నెలలు ఉండాలి. ఆ పని ఫ్రిజ్ చేసిపెడుతుంది. ఆకు రాల్చిన చెట్టు మళ్లీ సరిగ్గా చిగురించాలన్నా చలికాలం కావాలి. జనవరి రాత్రుల్లో కూడా సగటున 15 డిగ్రీల దగ్గరే ఆగిపోయే ఊళ్లో అది దొరకదు. కాబట్టి ఇక్కడ మేపుల్ పెంచడం దండగ. అరుదైన మేపుల్ జాతులను కాపాడే లెక్క మాత్రం, బెంగళూరు మల్లేశ్వరంలో చందనం మీద పరిశోధన చేసేవాళ్లకైనా, శేషాచలం ఎర్రచందనానికి నారు పోసేవాళ్లకైనా అలాగే పనికొస్తుంది.

మేపుల్ మనకు మరీ పరాయిదేం కాదు, కుంకుడు కుటుంబంలోదే. చైనాలోని యున్నాన్ రాష్ట్రం, యాంగ్బీ కౌంటీలో 2003లో ఒక కొత్త మేపుల్ జాతిని గుర్తించారు. అప్పటికి కనిపించినవి అయిదే చెట్లు. తర్వాత వెతికితే మరికొన్ని వందలు బయటపడ్డాయి కాబట్టి కొంత నయం. నిజంగా అయిదే ఉండి ఉంటే? చిన్న గుంపులో ప్రతి తరానికీ జన్యువైవిధ్యం ఎంత పోతుందో చెప్పే సూత్రం తేలికే: చెట్ల సంఖ్యను రెట్టింపు చేసి, దానితో ఒకటిని భాగించాలి. అయిదు చెట్లకు తరానికి 10 శాతం, యాభై చెట్లకు 1 శాతం. అది కూడా అన్ని చెట్లూ సమానంగా గింజలు కంటేనే. ఆడ, మగ వేరువేరు చెట్లుగా ఉండే జపాన్ హనానోకి లాంటి మేపుల్‌లో లెక్క ఇంకా కఠినం. 18 ఆడ చెట్లకు 2 మగ చెట్లే ఉంటే, పిల్లల జన్యువుల్లో సగం ఆ రెండింటి నుంచే రావాలి గనుక, ఆ ఇరవై కలిసి ఏడు చెట్లంత పనే చేస్తాయి.

యాంగ్బీ మేపుల్ జీనోమ్, అంటే దాని డీఎన్ఏ మొత్తం పాఠం, 2019లో అచ్చయింది. సుమారు 66.6 కోట్ల అక్షరాలు, 13 క్రోమోజోములు, 28,320 ప్రోటీన్ జన్యువులు. గొప్ప పనే, సందేహం లేదు. కానీ అది ఒక్క చెట్టు పుస్తకం. జాతిలో ఎంత తేడా మిగిలిందో తెలియాలంటే చాలా చెట్ల డీఎన్ఏను ఆ పుస్తకంతో పోల్చి చదవాలి.

ఎన్ని చెట్లు? దీనికి ఊహ అక్కర్లేదు. ఒక జన్యువుకున్న రకాల్లో, నూటికి అయిదు కాపీల్లో మాత్రమే కనిపించే ఒక రకం మన సేకరణలో తప్పిపోకూడదనుకుందాం. ఒక కాపీలో అది లేకపోయే అవకాశం 0.95. 59 కాపీలకు 0.95ను 59 సార్లు వేసి గుణిస్తే 0.05 కన్నా కిందికి దిగుతుంది. ఒక్కో చెట్టులో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలు ఉంటాయి గనుక, 30 చెట్లు తీసుకుంటే 95 శాతం భరోసా దొరికినట్టే. అయితే ఆ ముప్పై ఒకదానికొకటి చుట్టాలు కాకూడదు. పక్కపక్కనే ఉన్న ముప్పై చెట్లు ఒకే తల్లి పిల్లలైతే లెక్క తప్పుతుంది.

డీఎన్ఏ కోసం ఆకు కోసి ఆరబెట్టడంలోనే చాలా పనులు చెడిపోతాయి. లేత ఆకు తీసుకుని, బరువుకు పదింతల సిలికా జెల్‌లో (తేమ పీల్చే గుళికల్లో) వేసి ఒక రోజులోపు పెళుసుగా ఎండనివ్వాలి. ముసురు రోజుల్లో కాగితపు కవరులో వదిలేస్తే ఆకు నల్లబడి డీఎన్ఏ ముక్కలైపోతుంది. మేపుల్ ఆకులో టానిన్ల లాంటి పాలీఫినాల్స్ ఎక్కువ. ఆకు నూరగానే అవి గాలి తగిలి గోధుమ రంగుకు తిరిగి డీఎన్ఏకు అంటుకుంటాయి. అందుకే కణాలను విప్పే సబ్బులాంటి 2 శాతం సీటాబ్ ద్రావణంలో, పాలీఫినాల్స్‌ను పట్టుకునే పీవీపీ, అవి గోధుమ రంగుకు తిరగకుండా ఆపే మెర్కాప్టోఇథనాల్ కొద్దిగా కలిపి 65 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఉంచుతారు. తర్వాత 24:1 క్లోరోఫాం–ఐసోఅమైల్ ఆల్కహాల్‌తో ప్రోటీన్లను వేరుచేయడం, ఆపైన ఐసోప్రొపనాల్‌తో డీఎన్ఏను అడుగుకు దించడం, చివరికి 70 శాతం ఆల్కహాల్‌తో కడగడం. డీఎన్ఏ శుభ్రత చూసే కాంతి కొలతల్లో 260/280 నిష్పత్తి 1.8 దగ్గర ఉన్నంత మాత్రాన సంబరపడొద్దు. 260/230 బాగా తక్కువుంటే చక్కెరల జిగురో పాలీఫినాల్సో ఇంకా ఉన్నట్టే, డీఎన్ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పీసీఆర్ మొండికేస్తుంది. డీఎన్ఏను పదింతలు పలుచన చేసి మళ్లీ పెడితే చాలాసార్లు నడుస్తుంది, ఎందుకంటే డీఎన్ఏతోపాటు అడ్డుపడే పదార్థమూ పలుచబడుతుంది.

ముక్కలైన డీఎన్ఏతో అంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. రెండు కాపీల్లో ఒకటి పీసీఆర్‌లో పైకి రాకపోతే, వేరువేరు కాపీలున్న చెట్టు ఒకే రకం ఉన్నట్టు కనిపిస్తుంది. జాతి మొత్తం దగ్గరి చుట్టాల మధ్యే సంబంధాలు కలుపుకుంటోందని తప్పుడు నివేదిక తయారవుతుంది. నమూనాల్లో పదో వంతైనా రెండోసారి చేసి చూడకుండా ఇచ్చిన ఫలితాన్ని నమ్మక్కర్లేదు.

గింజలతో ఇంకో తంటా. కాగితంలా బెరడు ఊడే పేపర్‌బార్క్ మేపుల్‌ను 1901లో ఎర్నెస్ట్ విల్సన్ చైనా నుంచి ఇంగ్లండ్‌కు తెచ్చాడు. దాని కాయలు రెక్కలతో నిండుగానే కనిపిస్తాయి గానీ, కోసి చూస్తే ఎక్కువ భాగం లోపల ఖాళీ. పరాగసంపర్కం జరగకపోయినా కాయ పెరగడం దీని గుణం. అందుకే విత్తే ముందు కొన్ని గింజలను నిలువునా కోసి లేత పిండం ఉందో లేదో చూసుకోవాలి, లేదా ఎక్స్‌రే తీయాలి. వెండి మేపుల్ గింజ కథ వేరు. తేమ 30 శాతం కన్నా తగ్గితే చచ్చిపోతుంది గనుక, ఎండబెట్టి చల్లగా దాచే మామూలు విత్తన బ్యాంకు దానికి పనికిరాదు. అలాంటి జాతికి బతికున్న తోటే బ్యాంకు.

ఇంత కష్టమూ నర్సరీలో ఒక్క పూటలో గంగలో కలవొచ్చు. పది తల్లిచెట్ల గింజలు ఒకే గోనెలో పోసి వెయ్యి మొక్కలు పెంచారనుకోండి. బాగా కాసిన ఒక్క చెట్టుకు 900 మొక్కలు వచ్చి, మిగతా తొమ్మిదింటికీ కలిపి వందే వస్తే, జన్యువుల లెక్కకు ఆ పది తల్లులూ ఒకటింబావే. ఎర్రచందనంలోనూ ఇంతే: దారి పక్కన అందుబాటులో ఉన్న చెట్టు కిందే కాయలు ఏరుకుంటే నారు పచ్చగా వస్తుంది, వైవిధ్యం రాదు. కాబట్టి ప్రతి తల్లి గింజలకూ వేరే సంచి, సంచి మీద చెట్టు నంబరు, మడిలో అదే నంబరు, నాటేటప్పుడు ఒక్కో తల్లి నుంచి సమానంగా మొక్కలు. తక్కువ మొలిచిన తల్లికి మరుసటి ఏడు మళ్లీ గింజలు తేవాలే తప్ప, ఎక్కువ మొలిచినదానితో ఆ ఖాళీ నింపకూడదు.