'యెర్మా' ఆఫ్రికాన్స్‌లో పలికితే: అపోహలు – వాస్తవాలు

స్పానిష్ కవి, నాటకకర్త ఫెదెరికో గార్సియా లోర్కా నాటకం 'యెర్మా' 1934 డిసెంబరు 29న మాడ్రిడ్‌లో మొదటిసారి ఆడింది. మూడంకాలు, ఒక్కో అంకానికి రెండు రంగాలు. బిడ్డ కోసం తపించిపోయే పల్లె ఇల్లాలు యెర్మా కథ. దక్షిణాఫ్రికా కవి ఉయ్స్ క్రిగె (1910–1987) దీన్ని డచ్చి నుంచి పుట్టిన అక్కడి భాష ఆఫ్రికాన్స్‌లోకి తెచ్చాడు. ఈ నాటకాన్ని అనువదించడం, ఆడించడం గురించి వినిపించే అపోహలివి.

అపోహ: ఇంగ్లీషు మీదుగానే వచ్చి ఉంటుంది.
వాస్తవం: కాదు. క్రిగె 1930ల తొలి సగంలో ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల్లో ఉన్నవాడు. స్పానిష్ నుంచి నేరుగానే చేశాడు.

అపోహ: మాటకు మాట దొరికితే పని అయిపోయినట్టే.
వాస్తవం: ఆఖరి మాటలు చూడండి. భర్త హువాన్ గొంతు నులిమేశాక యెర్మా అంటుంది: "యో మీస్మా ఎ మతాదో అ మి ఇహో". నా కొడుకుని నేనే చంపేశాను అని. భర్తతోపాటే బిడ్డ ఆశా పోయిందన్నమాట. స్పానిష్‌లో చివర నిలిచేది 'ఇహో', అంటే కొడుకు. ఆ మాట మీదే తెర పడాలి. ఆఫ్రికాన్స్‌లో ఇలాంటి భూతకాల వాక్యంలో 'హెట్' అనే సహాయక క్రియ ముందు వచ్చి, అసలు క్రియ చివరికి పోతుంది. మన తెలుగులాగే. యథాతథంగా రాస్తే వాక్యం 'చంపాను' దగ్గర ఆగుతుంది, కొడుకు మధ్యలో నలిగిపోతాడు. మేమైతే ముందు సర్వనామం పెట్టి, బిడ్డను చివరికి తెస్తాం: "ఎక్ హెట్ హొమ్ దూట్‌ఖమాక్, మై కిన్ట్!" వాణ్ణి చంపేశాను, నా బిడ్డని!

దానికి ముందు మాట "దగ్గరికి రావద్దు". ఆఫ్రికాన్స్‌లో "మూనీ నాడర్ కొమ్ నీ" అవుతుంది. వ్యతిరేకార్థం రెండుసార్లు వస్తుంది, వాక్యం 'నీ' అనే బలహీనమైన వ్యతిరేక పదంతో ముగుస్తుంది. కొందరు నటులు ఆ చివరి 'నీ'ని మింగేస్తారు. అప్పుడు వాక్యం విరిగినట్టు వినిపిస్తుంది. ఊనిక 'కొమ్' మీద వేసి, 'నీ'ని ఊపిరితో వదిలేయాలి.

అపోహ: స్పానిష్‌లో 'మీరు' అనే 'ఉస్తెద్' ఉన్నచోటల్లా ఆఫ్రికాన్స్ 'ఉ' వేస్తే మర్యాద సరిపోతుంది.
వాస్తవం: పల్లె ఇంట్లో పెద్దవాళ్ళని 'ఉ' అంటే ఆఫీసు ఉత్తరంలా ఉంటుంది. ఆఫ్రికాన్స్ వాళ్ళు సర్వనామానికి బదులు వరసే వాడతారు: "మా, వల్ మా కోఫీ హే?" అమ్మా, అమ్మకి కాఫీ కావాలా? మొదటి అంకంలో ఎదురయ్యే ముసలామెను 'టానీ' (పిన్నీ, అత్తా లాంటి పిలుపు) అనిపిస్తే సంభాషణకు ప్రాణం వస్తుంది. కానీ ఆమె దేవుణ్ణి నమ్మనని నిర్మొహమాటంగా చెప్పే మనిషి. 'టానీ'లోని ఇంటి వెచ్చదనం ఆ పదును తీసేయకుండా చూసుకోవాలి.

అపోహ: ఎండిన నేల, పొలం పని, నలుగురూ ఏమంటారోనన్న భయం రెండుచోట్లా ఉన్నవే కాబట్టి కథను దక్షిణాఫ్రికాలోని ఎండు మైదానమైన కరూ ప్రాంతానికి మార్చేయొచ్చు.
వాస్తవం: మొదటి రెండంకాల వరకు నడుస్తుంది. చిక్కంతా చివరి రంగంలోని తీర్థయాత్ర దగ్గర. సంతానం కోసం ఆడవాళ్ళు పుణ్యస్థలానికి వస్తారు. ముసుగులేసుకున్న మగ, ఆడ వేషాలు దిగుతాయి. మగవేషం చేతిలో ఎద్దు కొమ్ము, ఆడవేషం చేతిలో గంటల పట్టీ. దీనికి బదులు 'నాఖ్‌మాల్' పెట్టాలనిపిస్తుంది, ఒకప్పుడు బోయర్ (డచ్చి సంతతి రైతు) కుటుంబాలు బండ్లు కట్టుకుని చర్చి ఊరికి చేరిన ప్రభు భోజన సంస్కారం కదా అని. అది కాల్విన్ బోధను అనుసరించే ప్రొటెస్టెంట్ల కట్టుదిట్టమైన ఆరాధన. అందులో కొమ్ముకు, గంటలకు చోటు లేదు. అవి తీసేస్తే, ఆ వెంటనే ముసలామె వచ్చి, 'నా కొడుకు గుడి వెనకాల కూర్చున్నాడు, వాడితో వచ్చెయ్' అని యెర్మాను పిలవడం ఊడిపడ్డట్టు ఉంటుంది. యాత్రను కాథలిక్ యాత్రగానే ఉంచి, పొలం మాటల్ని మాత్రం కరూ యాసలోకి మార్చుకోండి.